మోగే లీకేజీ, మోగని లీకేజీ: నెల్లూరు సంతాన సాఫల్య కేంద్రం కేసు

కేంద్రం నెల్లూరు నగరంలో ఉంది. ఇద్దరు డాక్టర్లు, ఒక ఎంబ్రియాలజిస్టు, రిసెప్షన్‌లో ముగ్గురు. ఉదయగిరి, ఆత్మకూరు, కావలి వైపు నుంచీ, అటు కనిగిరి నుంచీ పేషెంట్లు వస్తారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్లు, వెబ్‌సైటు, ఎంక్వైరీ పెట్టినవాళ్లకు తిరిగి ఫోన్ చేయడం అన్నీ బయటి ఏజెన్సీ చేతిలో ఉన్నాయి. ఏజెన్సీకి డబ్బు నెలకింత అని కాదు, లీడ్‌కింత అని. లీడ్ అంటే యాడ్ చూసి పేరు, నంబరు ఇచ్చిన ఒక్కో మనిషి. జరిగినదాంట్లో సగం ఈ లెక్క దగ్గరే మొదలైంది.

కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకే తరహా ఏర్పాటు ఉన్న చోట్ల కనిపించిన లోపాలను ఒకే కేసుగా కూర్చాం కాబట్టి, ఇది ఫలానా ఆసుపత్రి అని పొగతోటలో ఎవరూ వెతకనక్కర్లేదు.

ఫిర్యాదు

పెళ్లయి చాలా ఏళ్లైన ఒక జంట. ఆమె రాత్రిపూట ఫోన్‌లో యాడ్ చూసి ఫారం నింపింది. ఇచ్చిన నంబరు భర్తది. కానీ పగలు ఆ ఫోన్ ఇంట్లోనే ఉంటుంది, ఎవరైనా ఎత్తుతారు. మర్నాడు కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది, బాగానే ఉంది. వారం తిరగకముందే వేరే ఊరి ఆసుపత్రి నుంచి ఇంకో ఫోన్ వచ్చింది. ఆ తర్వాత అండదాతను చూపిస్తామంటూ ఎవరో మధ్యవర్తి చేశాడు. ఆ ఫోన్ ఎత్తింది ఆడబిడ్డ. చికిత్సకు వెళ్తున్న సంగతి ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మా నంబరు ఎవరికిచ్చారని భర్త రిసెప్షన్‌లో అడిగాడు. ఎవరికీ ఇవ్వలేదని వాళ్లు చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. తమ కేంద్రంలో నంబరు ఏ దారిన పోతోందో వాళ్లకే తెలియదు.

ఏ దారిలో కారుతోందో కనిపెట్టడం

ఇలాంటి చోట ముందు ఎవరినీ ప్రశ్నించకూడదు. ప్రశ్నించిన గంటలో షీట్లు మాయమవుతాయి. గుర్తు నంబర్లు వాడాలి. అంటే ఇంతకుముందు ఎక్కడా ఇవ్వని కొత్త సిమ్‌లు మూడు తీసుకుని, ఒకటి ఫేస్‌బుక్ ఫారంలో, రెండోది వెబ్‌సైటు అపాయింట్‌మెంట్ ఫారంలో, మూడోది రిసెప్షన్‌లో ఓపీ చీటీ రాయించేటప్పుడు ఇవ్వాలి. పేరులో ఒక్కోచోట ఒక్కో అక్షరం మార్చాలి: ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొట్టి అక్షరాల్లో. బయటి నుంచి ఫోన్ చేసినవాడు ఏ పేరు పలికితే నంబరు ఆ దారిలో పోయినట్టు. ఈ సిమ్‌లు వేసిన ఫోన్లలో ట్రూకాలర్ ఉండకూడదు, ఇంకే యాప్‌లోనూ ఆ నంబరుతో లాగిన్ కాకూడదు. లేకపోతే లీకేజీ ఎవరిదో తేలదు. కొత్త సిమ్ అనుకున్న నంబరు నిజానికి పాత కస్టమర్ వదిలేసినది కావచ్చు కూడా. అందుకే ఫారంలో పెట్టే ముందు వారం రోజులు ఊరికే ఆన్‌లో ఉంచి, ఏ ఫోన్లు వస్తాయో రాసుకోవాలి.

ఫలితం త్వరగానే వచ్చింది. ఫేస్‌బుక్ ఫారంలో పెట్టిన నంబరుకు బయటి ఆసుపత్రి ఫోన్ చేసింది. ఓపీ చీటీ నంబరుకు కేంద్రం తప్ప ఎవరూ చేయలేదు. వెబ్‌సైటు నంబరుకూ బయటివాళ్లెవరూ చేయలేదు.

చాలామంది ఇక్కడ ఆగిపోయి, వెబ్‌సైటు శుభ్రంగా ఉంది, తప్పు ఏజెన్సీదే అని తేల్చేస్తారు. ఈ పరీక్ష పట్టుకునేది మనుషులు ఫోన్ చేసే లీకేజీనే. యాడ్ కంపెనీ మనకు ఫోన్ చేయదు. దానికి వెళ్లిన సమాచారం ఏ సిమ్ మీదా మోగదు. పేషెంటు ఫిర్యాదు చేసింది మోగిన దాని గురించి. మోగనిది అంతకంటే పెద్దదని వెబ్‌సైటు విప్పి చూస్తేనే తెలిసింది.

మోగింది: లీడ్ షీటు

ఫేస్‌బుక్ ఫారంలో నింపినవి ఒక కనెక్టర్ (ఫారంలోని వివరాలను వేరేచోటికి మోసే ప్రోగ్రాం) ద్వారా గూగుల్ షీట్‌లో పడుతున్నాయి. షీటు షేరింగ్ 'లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చు' అని ఉంది. ఆ లింకు టెలికాలర్ల వాట్సాప్ గ్రూపులో ఉంది. ఉద్యోగం మానేసినవాళ్లు కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు. అదే షీటులో రెండో ట్యాబ్ వేరే ఊరి ఆసుపత్రిది, ఎందుకంటే ఏజెన్సీకి అదీ క్లయింటే. ఒక చోట రాని పేషెంటును ఇంకో ట్యాబ్‌లోకి మార్చితే ఒకే నంబరుకు రెండుసార్లు డబ్బు వస్తుంది. ఇది దొంగతనమని ఏజెన్సీలో ఎవరికీ అనిపించలేదు. లీడ్ ఉపయోగపడుతోంది కదా అనుకున్నారు.

షీటు ఎవరెవరు చూశారో చెప్పడం కుదరలేదు. మామూలు జీమెయిల్ ఖాతాలో ఉన్న గూగుల్ షీట్ ఎవరు మార్చారో వెర్షన్ హిస్టరీలో చూపిస్తుంది గానీ ఊరికే చూసి వెళ్లినవాళ్లను చూపించదు. లింకుతో తెరిచినవాడు 'అజ్ఞాత' జంతువు బొమ్మగా కనిపించి పోతాడు. మధ్యవర్తికి నంబరు ఏ చేతి మీదుగా వెళ్లిందో ఈ కారణంగానే చివరిదాకా తేలలేదు.

ఫారంలో అడిగిన ప్రశ్నలు కూడా సమస్యే. పెళ్లయి ఎన్నేళ్లైంది, ఇంతకుముందు ఐయూఐ (వీర్యాన్ని గర్భాశయంలోకి ఎక్కించడం) గానీ ఐవీఎఫ్ (ల్యాబులో పిండం తయారుచేయడం) గానీ చేయించుకున్నారా, లోపం ఎవరిలో ఉందన్నారు అని మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఫారాల్లో ఆరోగ్య సమాచారం తమ ముందస్తు అనుమతి లేకుండా అడగరాదని ఫేస్‌బుక్ యజమాని మెటా ప్రకటనల నిబంధనల్లోనే ఉంది. అయినా ఫారం ఆగకుండా నడిచింది. నిబంధన ఉంది కదా, కంపెనీ ఆపేస్తుందిలే అనుకుంటే పొరపాటు. ఆ నిబంధన ఉన్నది బాధ్యతను ప్రకటన ఇచ్చినవాడి మీద పెట్టడానికి.

మోగనిది: పిక్సెల్

వెబ్‌సైటులో మెటా పిక్సెల్ ఉంది. ఇది వెబ్ పేజీలో పెట్టే కొన్ని వరసల జావాస్క్రిప్ట్ కోడు. పేజీ తెరిచిన ప్రతిసారీ చూస్తున్నవాళ్ల బ్రౌజరే మెటా సర్వర్‌కు ఒక కబురు పంపుతుంది. అందులో ఏముందో చూడటానికి హ్యాకింగ్ అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కాలి. నెట్‌వర్క్ అనే ట్యాబ్‌లోకి వెళ్లి, ప్రిజర్వ్ లాగ్ టిక్ పెట్టాలి. టిక్ పెట్టకపోతే పేజీ మారగానే పాత వరసలు చెరిగిపోతాయి, సరిగ్గా చూడాల్సిందే కనిపించకుండా పోతుంది. తర్వాత ఫారం నింపి సబ్మిట్ కొట్టాలి. ఫేస్‌బుక్ డాట్ కామ్ కింద 'టీఆర్' అనే పేరుతో వెళ్లిన వరసలను ఒక్కొక్కటీ విప్పాలి. 'ఈవీ' అన్నచోట ఏం చేశారో ఉంటుంది. 'డీఎల్' అన్నచోట ఆ క్షణంలో తెరిచి ఉన్న పేజీ అడ్రసు మొత్తం ఉంటుంది.

డీఎల్‌లో కనిపించింది ఇది: థాంక్యూ పేజీ అడ్రసు, చివర ఒక ప్రశ్నార్థకం గుర్తు, దాని వెనక పేషెంటు పేరు, పది అంకెల ఫోన్ నంబరు, చికిత్స అన్నచోట ఐవీఎఫ్. హ్యాష్ (చదవలేని అక్షరాల వరసగా మార్చడం) లేదు, ముసుగు లేదు, చదవగలిగిన అక్షరాల్లో ఉంది.

కారణం చాలా చిన్నది. సబ్మిట్ కొట్టాక 'ధన్యవాదాలు ఫలానా గారూ' అని పేరుతో పలకరిస్తే బాగుంటుందని వెబ్‌సైటు చేసిన కుర్రాడు ఫారాన్ని గెట్ పద్ధతిలో పంపాడు. గెట్‌లో నింపినవన్నీ అడ్రసుకు తగులుకుంటాయి, పోస్ట్‌లో తగులుకోవు. అడ్రసులో ఉన్నది పిక్సెల్‌కు వెళ్తుంది, గూగుల్ అనలిటిక్స్‌కు వెళ్తుంది, బ్రౌజర్ హిస్టరీలో నిలుస్తుంది, హోస్టింగ్ కంపెనీ లాగ్‌లోనూ ఉంటుంది. ఒక పలకరింపు కోసం నాలుగు చోట్ల అచ్చు పడింది.

అడ్రసు శుభ్రం చేసినా పని అయిపోదు. పిక్సెల్ సెట్టింగుల్లో కోడు రాయకుండా ఈవెంట్లు పట్టుకునే సదుపాయం ఆన్‌లో ఉంది. దాంతో నొక్కిన బటన్ మీది అక్షరాలు కూడా పోతాయి. 'ఐవీఎఫ్ ఖర్చు తెలుసుకోండి' అనే బటన్ నొక్కితే ఆ వాక్యమే వెళ్తుంది. ఆటోమేటిక్ అడ్వాన్స్‌డ్ మ్యాచింగ్ ఆన్‌లో ఉంటే ఫారంలో నింపిన ఫోన్, ఈమెయిల్‌ను పిక్సెలే ఏరుకుని హ్యాష్ చేసి పంపుతుంది. ఈ స్విచ్‌లు ఆన్‌లో ఉన్నాయని కేంద్రంలో ఎవరికీ తెలియదు. పిక్సెల్ పెట్టినవాడికీ తెలియదు. సెటప్ చేసేటప్పుడు వరసగా వచ్చిన నెక్స్ట్‌లు కొట్టాడు.

ఆరోగ్య సమాచారం పంపవద్దని మెటా బిజినెస్ టూల్స్ షరతుల్లో ఉంది. సున్నితమైనది వస్తే వడపోస్తామని కూడా కంపెనీ చెబుతుంది. ఆ జల్లెడ ఉన్నది వాళ్ల సర్వర్‌లో. పేషెంటు బ్రౌజర్ దాటిపోయాక జరిగే వడపోతను పేషెంటు చూడలేదు, ఆసుపత్రీ చూడలేదు. 2025 ఆగస్టులో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో జ్యూరీ ముందు సరిగ్గా ఈ వాదనే వచ్చింది. ఫ్లో అనే నెలసరి యాప్‌లో ఆడవాళ్లు నమోదు చేసుకున్న సంగతులు మెటాకు చేరాయి. పంపవద్దని యాప్‌లకు ముందే చెప్పామని మెటా అంది. జ్యూరీ ఒప్పుకోలేదు, కాలిఫోర్నియా గోప్యతా చట్టం ప్రకారం మెటాదే తప్పని తేల్చింది. 2024లో మెటా ఆదాయం సుమారు 16,450 కోట్ల డాలర్లు, అందులో నూటికి 97 వంతులకు పైగా ప్రకటనలదే. సమాచారం ఎక్కువ వస్తే లాభం, తక్కువ వస్తే నష్టం అయ్యే సంస్థ 'తక్కువ పంపండి' అని షరతుల్లో రాసి, స్విచ్ మాత్రం ఆన్‌లో ఉంచితే, మన వ్యవహారం నడవాల్సింది స్విచ్‌ను చూసి. షరతును చూసి కాదు.

అప్‌లోడ్ చేసిన జాబితాలు

ఫేస్‌బుక్ యాడ్లు నడిపే యాడ్స్ మేనేజర్‌లో ఆడియన్స్ పేజీ తెరిస్తే అన్నిటికంటే బాధ కలిగించే సంగతి బయటపడింది. ఓపీ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్‌గా దింపిన పేషెంట్ల జాబితాలను ఏజెన్సీ కస్టమ్ ఆడియన్స్‌గా, అంటే యాడ్ ఎవరికి చూపించాలో చెప్పే జాబితాగా ఎక్కించింది. వాటిలో ఒకదాని పేరు 'ఐవీఎఫ్ ఫెయిల్'. మొదటి సైకిల్ (ఒక విడత చికిత్స) విఫలమైనవాళ్లకు రెండోసారికి రాయితీ అనే యాడ్ చూపించడం ఉద్దేశం. గర్భం నిలవలేదని విని ఇంటికి వెళ్లిన మనిషికి ఆ వారమే పసిపాప బొమ్మతో యాడ్ కనిపించింది. దాన్ని తయారుచేసినవాళ్లు ఆ మనిషిని ఒక వరస నంబరుగా తప్ప చూడలేదు.

మేం నంబర్లు ఇవ్వలేదు, హ్యాష్ చేసి ఇచ్చాం అని ఏజెన్సీ జవాబు. ఈ మాట ప్రతి ఏజెన్సీ దగ్గరా వినిపిస్తుంది కాబట్టి కాస్త విడమరచాలి. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో నంబరును 64 అక్షరాల వరసగా మారుస్తారు. ఆ వరసను వెనక్కి తిప్పి నంబరు రాబట్టలేం, నిజమే. కానీ మన దేశంలో మొబైల్ నంబరు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతుంది, మొత్తం పది అంకెలు. అంటే ఉండగలిగినవి 400 కోట్లే. ఆ 400 కోట్లనూ హ్యాష్ చేసి సరిచూడటం ఒక మంచి గ్రాఫిక్స్ కార్డుకు నిమిషం పని కూడా కాదు. పైగా మెటాకు ఆ శ్రమా అక్కర్లేదు. ఖాతాదారుల నంబర్లు దాని దగ్గరే ఉన్నాయి, వాటిని అదే లెక్కతో హ్యాష్ చేసి సరిపోల్చుకుంటుంది. సరిపోల్చడం కుదిరితేనే ఆడియన్స్ తయారవుతుంది. ఆడియన్స్ తయారైందంటే మనిషి దొరికినట్టే. హ్యాష్ కాపాడేది దారిలో దొంగిలించేవాడి నుంచి. అందుకునేవాడి నుంచి అది కాపాడదు.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఇలాంటివే రెండు కేసులు తేల్చింది. మందుల మీద రాయితీ కూపన్లిచ్చే గుడ్‌ఆర్‌ఎక్స్ ఫలానా మందులు కొన్నవాళ్ల జాబితాలను ఫేస్‌బుక్‌కు ఎక్కించి వాళ్లకు యాడ్లు చూపించింది. 15 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. మానసిక సలహాలిచ్చే బెటర్‌హెల్ప్ కస్టమర్ల ఈమెయిళ్లను హ్యాష్ చేసే పంపింది. అందుకునే కంపెనీ దాన్ని విప్పుకోగలదని తెలిసే పంపారన్నది కమిషన్ ఆరోపణ. 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

జాబితాతో పాటు రొట్టెల పండగ ప్లాను కూడా ఆ ఖాతాలో దొరికింది. బారాషహీద్ దర్గా దగ్గర పిన్ను గుచ్చి, స్వర్ణాల చెరువు చుట్టూ వలయం గీసి, ఆ రోజుల్లో అక్కడికి వచ్చిన పెళ్లైన ఆడవాళ్లకు యాడ్ చూపించాలని. సంతాన రొట్టె కోసం చెరువులో దిగే మనిషి తన కోరికను నలుగురి ముందూ తనంతట తాను చెప్పుకుంటుంది. ఎవరి దగ్గర తీసుకోవాలో, ఎవరికి చెప్పుకోవాలో ఆమె ఇష్టం. ఆ ఇష్టాన్ని చూసి ఒక కంపెనీ ఆమెను పిల్లల్లేనివాళ్ల గంపలో వేయడానికి ఆమె ఒప్పుకోలేదు. ఈ ప్లానును ఆపించడానికి చట్టం చూపించనక్కర్లేకపోయింది. పెద్ద డాక్టరుగారు వినగానే వద్దన్నారు.

వాట్సాప్ గ్రూపు సంగతి క్లుప్తంగా. చికిత్సలో ఉన్నవాళ్లకు మందుల సూచనలు చెప్పే గ్రూపులో సభ్యులందరి నంబర్లు, ప్రొఫైల్ ఫొటోలు అందరికీ కనిపిస్తున్నాయి. ఒకే మండలంవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టారు. గ్రూపు మూసేశారు. బ్రాడ్‌కాస్ట్ జాబితాకు ఒక్కోదానికి 256 మంది పరిమితి, పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే ఇంజెక్షన్ టైముల వంటివి ఒక్కొక్కరికీ విడిగానే పంపుతున్నారు. నర్సుకు పని పెరిగింది, తప్పదు.

చట్టం ఎక్కడ నిలబడుతుంది

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో గెజిట్‌కెక్కాయి. అనుమతి, నోటీసు, భద్రత వంటి ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువుంది, అంటే 2027 మే దాకా. అందాకా ఏ చట్టమూ లేదనుకోవడం తప్పు. ఐటీ చట్టం 43ఏ సెక్షన్, దాని కింద 2011లో వచ్చిన నియమాలు ఇప్పుడూ ఉన్నాయి. ఆరోగ్య వివరాలు, వైద్య రికార్డులు ఆ నియమాల ప్రకారం సున్నితమైన సమాచారం. నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాళ్లు పరిహారం కోసం రాష్ట్ర ఐటీ కార్యదర్శి దగ్గర, ఆయనే అడ్జుడికేటింగ్ ఆఫీసరు, అర్జీ పెట్టుకోవచ్చు. 5 కోట్ల దాకా ఆయన పరిధి. డేటా లీకైనట్టు తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్ ఆదేశం ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు, 2021 నాటి ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి) చట్టం ఒక ఎత్తు. సంతాన సాఫల్య చికిత్సకు వచ్చిన జంట వివరాలు గోప్యంగా ఉంచడం క్లినిక్ బాధ్యత అని అది సూటిగా చెబుతుంది.

ఇంకో విషయం. 2023 చట్టం ప్రకారం పని చేసిపెట్టేది ఏజెన్సీ అయినా జవాబుదారీ ఆసుపత్రే. ఒప్పందంలో బాధ్యత ఏజెన్సీదే అని రాసుకున్నా ఇది మారదు. భద్రతా చర్యలు తీసుకోనందుకు జరిమానా 250 కోట్ల దాకా ఉంది.

సరిదిద్దిన వరస

లోపం కనబడగానే డిలీట్ కొట్టాలనిపిస్తుంది. కొట్టకూడదు. ముందు షీటు షేరింగ్ పేజీ, వెర్షన్ హిస్టరీ, ఆడియన్స్ జాబితా ఎప్పుడు ఎవరు ఎక్కించారన్న వివరం, పిక్సెల్ సెట్టింగులు, నెట్‌వర్క్ ట్యాబ్‌లో కనిపించిన వరసలు, అన్నీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి వేరే డ్రైవులో పెట్టాలి. రేపు పేషెంటు అడిగితే ఏం జరిగిందో చెప్పడానికి ఆధారం అవే.

ఆ తర్వాత అదే రోజు షీటు షేరింగ్ మూసేశారు, టెలికాలర్ల గ్రూపు రద్దు చేశారు, వెబ్‌సైటు నుంచి పిక్సెల్ పూర్తిగా తీసేశారు. హోమ్ పేజీలోనైనా ఉంచుదామని ఏజెన్సీ అడిగింది. బట్టల కొట్టుకైతే ఆలోచించొచ్చు. సంతాన సాఫల్య కేంద్రం సైటులో హోమ్ పేజీ చూడటం కూడా ఆరోగ్య సమాచారమే. ఫారం పోస్ట్ పద్ధతికి మారింది. పేజీ అడ్రసు బయటి సైట్లకు పూర్తిగా వెళ్లకుండా రెఫరర్ పాలసీ పెట్టారు. కస్టమ్ ఆడియన్స్ జాబితాలు తొలగించారు. వాటి నుంచి పుట్టించిన లుక్‌అలైక్ (వాళ్లను పోలిన మనుషుల) ఆడియన్స్‌లను విడిగా వెతికి తొలగించాలి, ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

యాడ్ ఖాతా ఏజెన్సీ పేరు మీద ఉండటం పెద్ద చిక్కైంది. ఖాతా వాళ్లదైతే తొలగించామని వాళ్లు చెప్పిందే నమ్మాలి. కేంద్రం మెటాలో తన సొంత బిజినెస్ పోర్ట్‌ఫోలియో (వ్యాపార ఖాతా) తెరిచి, పేజీని దాని కిందికి తెచ్చి, కొత్త యాడ్ ఖాతా అక్కడే తెరిచి, ఏజెన్సీకి పార్ట్‌నర్‌గా పరిమితమైన ప్రవేశం ఇచ్చింది. లీడ్లు దింపుకునే అనుమతి రిసెప్షన్‌లో ఇద్దరికే ఉంది. టెలికాలింగ్ ఏజెన్సీ నుంచి వెనక్కి తీసుకున్నారు.

అన్నిటికంటే గట్టి మార్పు డబ్బు లెక్కలో జరిగింది. లీడ్‌కింత అన్న పద్ధతి పోయి నెలకింత అయింది. లీడ్ అమ్ముడుపోయే సరుకుగా ఉన్నంతకాలం ఎన్ని షరతులు రాసుకున్నా అది రెండోచోటికి పోతుంది. కొత్త ఒప్పందంలో మిగతావి కొద్దిగానే ఉన్నాయి: ఇంకో క్లయింటుకు వాడరాదు, పేషెంట్ల జాబితా ఏ యాడ్ కంపెనీకీ ఎక్కించరాదు, లోపం తెలిసిన 24 గంటల్లో చెప్పాలి, మానుకునేటప్పుడు చెరిపేసినట్టు రాసివ్వాలి.

ఏ యాడ్ పనిచేస్తోందో పిక్సెల్ లేకుండా ఎలా తెలుస్తుందని అడుగుతారు. ప్రతి ప్రచారానికి ఒక విడి ఫోన్ నంబరు పెట్టారు, ఏ నంబరుకు ఎన్ని వచ్చాయో లెక్క ఉంటుంది. ఓపీ చీటీలో 'ఎలా తెలిసింది' అని ఒక గడి ఉంది. ఫలానా మనిషి ఏ యాడ్ చూసి వచ్చిందో తెలియదు, ఏ యాడ్‌కు ఎందరు వచ్చారో తెలుస్తుంది. ఖర్చు నిర్ణయించడానికి అంతకంటే అక్కర్లేదు.

ఫారం మీది మాట

పాత ఫారం కింద 'సబ్మిట్ చేస్తే మా షరతులకు ఒప్పుకున్నట్టే' అని ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉండేది. దాని బదులు వెబ్‌సైటు ఫారం మీద, బటన్‌కు పైన, ఇలా పెట్టారు:

'మీ పేరు, ఫోన్ నంబరు అడుగుతున్నది అపాయింట్‌మెంట్ ఖరారు చేసుకోవడానికి. మా రిసెప్షన్‌లో వాళ్లు తప్ప ఎవరూ చూడరు. ఏ యాడ్ కంపెనీకీ, ఇంకే ఆసుపత్రికీ ఇవ్వం. మీరు 90 రోజుల్లో రాకపోతే చెరిపేస్తాం. ముందే చెరిపేయమంటే ఈ నంబరుకు "వద్దు" అని మెసేజ్ పెట్టండి, చాలు.'

ఫేస్‌బుక్‌లో నింపే ఫారానికి ఈ వాక్యాలు వాడకూడదు, అబద్ధమవుతాయి. అక్కడ నింపింది ముందు ఫేస్‌బుక్ దగ్గర చేరి ఆ తర్వాతే ఆసుపత్రికి వస్తుంది. అందుకని అక్కడ చికిత్స ప్రశ్నలన్నీ తీసేసి, పేరు, నంబరు, ఫోన్ చేయదగిన సమయం మాత్రమే ఉంచి, 'మీరు ఇక్కడ నింపింది ఫేస్‌బుక్ దగ్గర కూడా ఉంటుంది, వద్దనుకుంటే నేరుగా ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని రాశారు. ఫేస్‌బుక్ లీడ్లను 90 రోజుల వరకే దింపుకోనిస్తుంది. ఆసుపత్రి గడువు దానికి సరిపడేలా పెట్టింది.

రెండు ఫారాల్లోనూ ఒక కొత్త ప్రశ్న చేరింది: ఈ ఫోన్ మీ ఒక్కరిదేనా, ఇంట్లో అందరూ ఎత్తుతారా? మన ఇళ్లలో ఫోన్లు ఎలా తిరుగుతాయో తెలిసినవాళ్లు మొదటే అడగాల్సిన ప్రశ్న ఇది. అందరూ ఎత్తే ఫోనైతే రిసెప్షనిస్టు 'నమస్తే అండీ, ఫలానా గారున్నారా' అని మాత్రమే అడగాలి. వేరేవాళ్లు ఎత్తితే 'మళ్లీ చేస్తానండీ' అని పెట్టేయాలి. ఎక్కడి నుంచని అడిగితే తన పేరు చెప్పాలి, ఆసుపత్రి పేరు చెప్పకూడదు. మిస్డ్ కాల్ తర్వాత మెసేజ్ పెట్టకూడదు. ఇంత చేసినా ఫోన్ మోగగానే ట్రూకాలర్‌లో 'ఐవీఎఫ్ సెంటర్' అని పడుతోందని రెండో వారంలో తెలిసింది. తిరిగి ఫోన్ చేయడానికి వేరే నంబరు తీసుకుని, దాన్ని ప్రచారంలో ఎక్కడా వేయకుండా ఉంచారు.

పిల్లల ఫొటోలతో విజయగాథలు పెట్టే అలవాటును ఇంకా పూర్తిగా మాన్పించలేకపోయాం. పాపతో ఇంటికి వెళ్లే రోజు డాక్టరు అడిగితే కాదనే తల్లి ఉండదు. అది స్వేచ్ఛగా ఇచ్చిన అనుమతి కింద లెక్కకు రాదు. ప్రస్తుతానికి డిశ్చార్జి రోజున అడగకూడదు, మూడు నెలల తర్వాత అడగాలి, ముఖం కనిపించకూడదు, తీసేయమన్న రోజే తీసేయాలి అని రాజీ కుదిరింది. మొత్తానికి మానేయడమే మంచిది.

పేషెంట్లకు చెప్పడం, ఆ తర్వాత

జాబితాల్లో ఉన్నవాళ్లకు కేంద్రం రిసెప్షన్ నుంచి విడివిడిగా ఫోన్ చేసి, లేదా తర్వాతి ఓపీలో ఎదురుగా, సంగతి చెప్పింది. ఎవరికీ ఉత్తరం వేయలేదు, ఉత్తరం కూడా ఇంట్లో ఎవరైనా విప్పుతారు. వాళ్ల ఫేస్‌బుక్‌లో చూసుకునే దారి కూడా చూపించారు: సెట్టింగుల్లో అకౌంట్స్ సెంటర్, అందులో సమాచారం, అనుమతులు, ఆ కింద మెటా బయట మీ కార్యకలాపాలు. అక్కడ ఏయే సైట్లు తమ గురించి పంపాయో ఉంటుంది, చెరపొచ్చు, ఇకమీదట కలపవద్దని ఆపొచ్చు. యాడ్ మూలన మూడు చుక్కలు నొక్కి, ఈ యాడ్ ఎందుకు కనిపిస్తోందో అడిగితే జాబితా ఎక్కించిన వ్యాపారం పేరు కూడా తెలియవచ్చు. వెళ్లిన సమాచారంతో యాడ్ యంత్రం ఏం నేర్చుకుందో, దాన్ని మరిపించడం కుదురుతుందో లేదో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆ మాటా దాచకుండా చెప్పారు.

కొన్నాళ్లకు సైటు రంగులు మార్చడానికి వచ్చిన కొత్త డెవలపర్ గూగుల్ ట్యాగ్ మేనేజర్ (బయటి కోడు ముక్కలను సైటులోకి తెచ్చే సాధనం) పెట్టాడు. పాత ఏజెన్సీ ఖాతాలో మిగిలిపోయిన కంటెయినర్ (ఆ కోడు ముక్కల మూట) అది, దాంట్లో పిక్సెల్ ట్యాగ్ అలాగే ఉంది. పేజీ కోడులో పిక్సెల్ కోసం వెతికితే కనిపించదు, ఎందుకంటే అది ట్యాగ్ మేనేజర్ లోపలి నుంచి వస్తుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో 'టీఆర్' వరస మళ్లీ కనిపిస్తేనే పట్టుబడింది. ఇప్పుడు సైటులో ఏ చిన్న మార్పు జరిగినా, బిల్లు చెల్లించే ముందు, రిసెప్షన్ కంప్యూటర్‌లో ఎఫ్12 నొక్కి ఫారం ఒకసారి నింపి చూస్తున్నారు. మూడు నెలలకోసారి ఒక కొత్త గుర్తు నంబరు ఫారంలో పెడుతున్నారు. రెండు పరీక్షలూ కావాలి. సిమ్ పట్టుకునేది ఎఫ్12కు దొరకదు, ఎఫ్12 పట్టుకునేది సిమ్ మీద మోగదు.